మనవడిని తీసుకుని ఓడెక్కాలంటే ముందు మోకాళ్లను అడగండి

టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవులో కౌంటర్ దగ్గరున్నావిడ మా మనవడిని చూసి నవ్వి, "వీళ్లు నీకేమవుతారు?" అని ఇంగ్లిష్‌లో అడిగింది. "అమ్మమ్మ, తాతయ్య" అన్నాడు వాడు గర్వంగా. ఆవిడ మా పాస్‌పోర్టులు తిరగేసింది. అమ్మమ్మ అనే పేరు అందులో ఎక్కడ దొరుకుతుంది? వాడు మా పేర్లు చెప్పాడనుకుంది పాపం. ఇంకో రెండు ప్రశ్నలయ్యాక, నోటరీ ఉత్తరమూ మా అమ్మాయి పాత పాస్‌పోర్టు జిరాక్సూ బల్ల మీద పెట్టాక అందరం నవ్వుకున్నాం. ఆ రెండూ సంచిలో లేకపోతే ఆ పూట మా మొహాలు చూడాల్సింది.

మాది తెనాలి. అమ్మాయి, అల్లుడు హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటారు. వేసవిలో బడికి సెలవులిస్తారు గానీ వాళ్లిద్దరి ఆఫీసులకి ఇవ్వరు. సమ్మర్ క్యాంపులకి పోసే డబ్బు చూసి మావారే అన్నారు, "మనమే ఎక్కడికైనా తీసుకెళ్దాం" అని. అక్కడ మాకు కారు నడపడం రాదు, వాడిని వెంటేసుకుని విమానాలు మారే ఓపిక లేదు. ఓడైతే గంటన్నర దూరంలోని గాల్వెస్టన్‌లో ఎక్కొచ్చు, సామాను ఒక్కసారి విప్పితే చాలు. నాలుగు రాత్రులు, మధ్యలో మెక్సికోలోని కోజుమెల్ దీవి, మళ్లీ గాల్వెస్టన్. మీరూ అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చి ఇలాంటి ఆలోచనే చేస్తుంటే, మేం తెలుసుకున్నవీ తెలియక తిప్పలు పడ్డవీ వరసగా చెప్తాను.

ఏ వయసు, ఎన్ని రోజులు

"పిల్లాడు అమ్మ లేకుండా ఉండగలడా?" అని అందరూ అడుగుతారు. వాడు ఉంటాడండీ. అడగాల్సింది మనల్ని. పెద్ద ఓడ ఈ కొస నుంచి ఆ కొసకి వెయ్యి అడుగులు. భోజనాల హాలు ఒక చివర, పిల్లల ఆటగది ఇంకో చివర పై అంతస్తులో. ఆటగదిలో దింపడం, మళ్లీ తెచ్చుకోవడం, మధ్యలో "టోపీ మర్చిపోయా" అంటే గదికి పరుగు. మా వారి ఫోను లెక్క ప్రకారం మొదటిరోజు పదమూడు వేల అడుగులు వేశారు. తెనాలిలో వారానికి అంత నడవరు.

అందుకని టికెట్లు కొనకముందే ఒక పరీక్ష పెట్టుకోండి. ఒక శనివారం పొద్దున్న కూతురినీ అల్లుడినీ ఇంట్లోంచి పంపేసి, ఆదివారం సాయంత్రం దాకా పిల్లాడిని మీరిద్దరే చూసుకోండి. స్నానం, తిండి, నిద్ర, అలక, అన్నీ. ఫోను చేసి "వాడి నీలం గిన్నె ఎక్కడ?" అని అడగడం కూడా వద్దు. సోమవారం పొద్దున్న మీ నడుము ఏమంటుందో దాన్ని బట్టి ముందుకెళ్లండి.

వయసు సంగతి. చాలా ఓడల్లో ఆరు నెలలు నిండిన పిల్లల్ని ఎక్కించుకుంటారు. ఎక్కనిస్తున్నారు కదా అని తీసుకెళ్లకండి. డైపర్ మానని పిల్లల్ని స్విమ్మింగ్ పూల్‌లో దిగనివ్వరు, స్విమ్ డైపర్ వేసినా సరే. పిల్లల ఆటగదిలోకి రాయల్ కరీబియన్ కంపెనీ ఓడల్లో మూడేళ్లు నిండి డైపర్ మానేసినవాళ్లనే తీసుకుంటారు, కార్నివాల్ కంపెనీ ఓడల్లో రెండేళ్ల నుంచి. పూల్ లేక, ఆటగది లేక చంటిపిల్లతో నాలుగు రోజులంటే మీరే ఆటగది అవుతారు. నా మాటగా ఐదేళ్ల నుంచి ఎనిమిదేళ్ల మధ్య మంచిది. రాత్రులు నాలుగు, మహా అయితే ఐదు. ఏడు రాత్రుల టికెట్టు చవగ్గా కనిపిస్తుంది, ఆశపడకండి. ఇంకోటి, ఒక్క మనవడిని తీసుకెళ్లండి. "పెద్దాడి కూతుర్ని కూడా కలుపుకుందాం, ఇద్దరూ ఆడుకుంటారు" అనిపిస్తుంది. ఆడుకుంటారు, తర్వాత చెరో దిక్కుకీ పరిగెడతారు.

జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా అట్లాంటిక్ వైపు తుపాన్ల కాలం. టెక్సాస్ వేసవి సెలవులు సరిగ్గా అందులోనే పడతాయి. తుపాను ఉంటే ఓడ దారి మార్చుకుంటుంది, కోజుమెల్ బదులు ఇంకెక్కడో ఆగొచ్చు, తిరిగి రావడం ఒక రోజు ఆలస్యం కావచ్చు. ఇండియాకి తిరుగు ప్రయాణం దగ్గర్లో ఉంటే మధ్యన కనీసం వారం ఎడం ఉంచుకోండి.

కాగితాలు: ఇక్కడ తొందరపడొద్దు

ముందు మీవి. మీ బి1/బి2 వీసా (విజిటర్ వీసా) మీద "ఎంట్రీస్" అన్న చోట "ఎమ్" అక్షరం ఉందా చూడండి. అంటే ఎన్నిసార్లయినా రావొచ్చని. ఓడ మెక్సికో వెళ్లిందంటే మీరు అమెరికా దాటినట్టే, తిరిగి రావడం కొత్తగా రావడమే. అమెరికా వీసా గడువులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు, భారతీయులకీ ఇది వర్తిస్తుంది. కానీ అదే ఓడ బెలీజ్‌లోనో హోండురాస్‌లోనో బహామాస్‌లోనో ఆగితే ఒక్కో దేశానికి ఒక్కో లెక్క. టికెట్టు కొనకముందే ఏయే రేవుల్లో ఆగుతుందో రాసుకుని, ఒక్కోటీ సరిచూసుకోండి.

ఐ-94, అంటే మీరు అమెరికాలోకి వచ్చినట్టు నమోదైన రికార్డు, ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. మీరు ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది అదే, వీసా మీది తేదీ కాదు. మెక్సికో చూసి వస్తే మళ్లీ కొత్తగా ఆరు నెలలు ఇస్తారని వాకింగ్‌లో కలిసిన పెద్దాయన మావారికి నమ్మకంగా చెప్పాడు. అలా లెక్కలు వేసుకోకండి. పాత గడువే కొనసాగించొచ్చు, ఏం చేయాలన్నది అక్కడి అధికారి ఇష్టం. తిరిగొచ్చాక ఐ-94 వెబ్‌సైట్‌లో మళ్లీ ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు పిల్లాడివి. అమెరికాలో పుట్టిన పిల్లలైతే, అమెరికా రేవులో ఎక్కి అదే రేవులో దిగే ఓడకి బర్త్ సర్టిఫికెట్ ఉంటే సరిపోతుంది, పదహారేళ్ల లోపు వాళ్లకి ఫొటో గుర్తింపు కూడా అడగరు. అయినా పాస్‌పోర్టు లేకుండా తీసుకెళ్లొద్దనే అంటాను. కోజుమెల్‌లో వాడికి ఒంట్లో బాగోక విమానంలో ఇంటికి రావాల్సి వస్తే బర్త్ సర్టిఫికెట్‌తో విమానం ఎక్కనివ్వరు. పదహారేళ్ల లోపు పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లే చెల్లుతుంది, దరఖాస్తుకి తల్లీతండ్రీ ఇద్దరూ వెళ్లాలి లేదా రాలేని వాళ్లు నోటరీ చేయించిన అంగీకార పత్రం పంపాలి. కాబట్టి రెండు మూడు నెలల ముందే కదలండి. పిల్లాడు ఇండియా పాస్‌పోర్టుతో హెచ్-4 (ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే కథ వేరు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు చూసి, వాళ్ల లాయర్ని అడగకుండా టికెట్టు కొనొద్దు.

ఆ తర్వాత అసలు కాగితం, తల్లిదండ్రుల అంగీకార ఉత్తరం. తల్లీతండ్రీ లేకుండా పిల్లలు దేశం దాటుతుంటే ఇద్దరూ సంతకం చేసి నోటరీ చేయించిన ఉత్తరం దగ్గర ఉండటం మంచిదని అమెరికా కస్టమ్స్ వాళ్లే చెప్తారు. ఓడ కంపెనీలు తమ వంతుగా అడుగుతాయి, కొన్నిటికి సొంత ఫారం ఉంటుంది. అందులో ఇవన్నీ ఉండాలి: పిల్లాడి పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, మీ ఇద్దరి పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే, మీరు వాడికి ఏమవుతారో, ఓడ పేరు, ఎక్కే దిగే తేదీలు, ఆగే రేవులు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు. ఇంకో వాక్యం మర్చిపోకండి, అవసరమైతే వైద్యం చేయించడానికి మీకు అధికారం ఇస్తున్నామని. వేరే కాగితంగా రాయించినా సరే. నోటరీ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, వాళ్ల బ్యాంకు బ్రాంచిలో అడిగితే చాలాచోట్ల ఖాతాదారులకి చేసిపెడతారు. నోటరీ ఎదుటే సంతకం పెట్టాలి. మా అల్లుడు ఇంట్లోనే సంతకం చేసేసి తీసుకెళ్తే ఇంకో ప్రింటు తీయించి మళ్లీ చేయించారు.

మన తెలుగువాళ్లకి తరచూ వచ్చే చిక్కు ఒకటుంది, ఇంటిపేర్లు. నా ఇంటిపేరు ఒకటి, పెళ్లయ్యాక మా అమ్మాయిది ఇంకోటి, మనవడిది వాళ్ల నాన్నది. పైగా మావారి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటే నా దాంట్లో వెనక ఉంటుంది. ముగ్గురం పక్కపక్కన నిలబడితే కాగితాల మీద మాకూ వాడికీ చుట్టరికం లేనే లేదు. దీనికి రెండు జిరాక్సులు చాలు. మనవడి బర్త్ సర్టిఫికెట్ మీద వాళ్లమ్మ పేరు ఉంటుంది. వాళ్లమ్మ ఇండియా పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లీతండ్రుల పేర్లు, అంటే మన పేర్లు ఉంటాయి. గొలుసు కలిసిపోయింది. అమ్మాయి అమెరికా పౌరసత్వం తీసుకున్నా రద్దయిన పాత పాస్‌పోర్టు బీరువాలో ఉంటుంది, ఆ పేజీ తీయించండి. నానమ్మ, తాతయ్యలైతే కొడుకు పాస్‌పోర్టుతో ఇదే పని.

ఇంకో సంగతి అడిగి ఉంచుకోండి. పిల్లాడికి ఏదైనా అయితే కోజుమెల్‌కి ఎవరు రాగలరు? అమ్మాయి, అల్లుడు హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు దాటిపోయి ఉంటే వాళ్లు మెక్సికో రావడానికి విడిగా వీసా కావాల్సి రావొచ్చు. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా అడ్డంకి లేకుండా విమానం ఎక్కగలిగి ఉంటే మీకు ధైర్యం.

అన్నట్టు, వియ్యాలవారికి ముందే చెప్పండి. మీ నోటితో, ఫోన్ చేసి. వాట్సాప్ స్టేటస్‌లో మనవడు ఓడ మీద నిలబడ్డ ఫొటో చూసి వాళ్లు తెలుసుకుంటే, ఆ ప్రయాణం ఇంకో రెండేళ్లు సాగుతుంది.

గది ఎక్కడ తీసుకోవాలి

ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో తీసుకోండి. అక్కడ ఊపు తక్కువ. లిఫ్టుకి దగ్గరగా ఉండాలి, మరీ ఎదురుగా వద్దు. ఒకే గదిలో ముగ్గురం పడుకోవాలంటే మూడో పడక ఉన్న గదే ఇవ్వాలి, వేసవిలో అవి తొందరగా అయిపోతాయి. ఆ మూడో పడక ఏమిటో అడగండి: సోఫా విప్పితే మంచమయ్యేదా, పైకప్పు నుంచి దించే బెర్తా? రైలు పై బెర్తు లాంటిదని వాడికి సరదా. అర్ధరాత్రి వాడిని దించాల్సింది మీరు కాబట్టి సోఫా గది అడగండి.

బాల్కనీ గది కావాలా వద్దా అని మేం చాలా ఆలోచించాం. కంచె ఎత్తుగానే ఉంటుంది, కానీ పక్కన కుర్చీ ఉంటే ఆ ఎత్తు ఎత్తే కాదు. మేం లోపలి గది తీసుకున్నాం. కిటికీ లేదు, దీపం తీస్తే కటిక చీకటి, వాడు తొమ్మిదింటికల్లా నిద్ర. సముద్రం చూడాలంటే పై డెక్ ఎక్కితే కావలసినంత ఉంది. బాల్కనీ తీసుకుంటే మాత్రం తలుపు పై గడియ ఎప్పుడూ వేసి ఉంచండి, కుర్చీలు కంచెకి దూరంగా గోడవైపు జరపండి.

ధరలో మూడో మనిషికి కాస్త తగ్గుతుంది. పన్నులు, రేవు రుసుములు మాత్రం పిల్లాడికీ పూర్తిగా వేస్తారు. సిబ్బందికిచ్చే టిప్పు రోజుకు మనిషికి 16 నుంచి 20 డాలర్ల దాకా ఖాతాలో పడిపోతుంది, చాలా ఓడల్లో పిల్లలకి కూడా. అది కూడా కలిపి లెక్క చూసుకోండి.

ఇన్సూరెన్సు, మందులు

అమెరికా రావడానికి మీరు తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్సు మెక్సికోలోనూ నడిసముద్రంలోనూ పనిచేస్తుందా అని కంపెనీకి ఫోన్ చేసి అడగండి. పిల్లాడికి వాళ్ల నాన్న ఆఫీసు ఇన్సూరెన్సు ఉంది కదా అనుకోకండి, ఓడలో డాక్టరు దానికి చెందినవాడు కాదు. ఓడ ఆసుపత్రిలో చూపించుకుంటే బిల్లు నేరుగా మీ గది ఖాతాకి ఎక్కిస్తారు, తర్వాత మీరు ఇన్సూరెన్సు దగ్గర తెచ్చుకోవాలి. ముగ్గురికీ కలిపి ట్రావెల్ ఇన్సూరెన్సు తీసుకోండి. అందులో రోగిని ఓడ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉందో లేదో, బీపీ, షుగరు లాంటి పాత జబ్బుల మాటేమిటో చదవండి. చదవడం విసుగైతే అల్లుడికి అప్పజెప్పండి, ఆ మాత్రం పని వాళ్లూ చేయాలి.

మందులన్నీ చేతిసంచిలోనే. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుని సాయంత్రానికి గది ముందు పెడతారు, మధ్యాహ్నం వేసుకోవాల్సిన బీపీ మాత్ర అందులో ఉంటే చిక్కే. ప్రయాణం నాలుగు రోజులైతే ఎనిమిది రోజులకి సరిపడా పట్టుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు గదిలోని చిన్న ఫ్రిజ్‌ని నమ్మకండి, అది అంత చల్లగా ఉండదు. గది చూసుకునే అబ్బాయికి చెప్తే దారి చూపిస్తాడు.

పిల్లాడి జ్వరం మందు దగ్గర ఒక ప్రమాదం ఉంది, జాగ్రత్తగా చదవండి. అమెరికాలో టైలినాల్ అన్నా మన పారాసిటమాల్ అన్నా ఒకటే మందు. రెండూ వేరనుకుని ఒకటి తర్వాత ఒకటి పట్టేస్తే రెండింతలు పడుతుంది. ఇంకో చిక్కు, గాఢత. అమెరికాలో పిల్లల సిరప్ 5 మిల్లీలీటర్లలో 160 మిల్లీగ్రాములు. ఇండియాలో దొరికేవి 120 ఉంటాయి, 250 కూడా ఉంటాయి. "చిన్నప్పుడు వాళ్లమ్మకి ఒక చెంచా పట్టేదాన్ని" అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. అక్కడి మందే కొనండి. వాడి బరువుకి ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్ని గంటలకోసారి అన్నది పిల్లల డాక్టరు దగ్గర రాయించి సీసాకే అంటించండి.

ఓడ ఊపుకి వాంతులు వస్తాయేమోనని మనం ఇండియా నుంచి తెచ్చుకున్న అవోమిన్ తీస్తాం. అందులో ఉండే ప్రోమెథజీన్ రెండేళ్ల లోపు పిల్లలకి అసలు ఇవ్వకూడదు, ఊపిరి ఆడకుండా పోయే ప్రమాదం ఉంది. పెద్ద పిల్లలకైనా డాక్టరు చెప్తేనే. మా వాడికి ఏమీ కాలేదు. నాకే మొదటి రాత్రి కళ్లు తిరిగితే అల్లం చప్పరిస్తూ, ఉప్పు బిస్కట్లు తింటూ గడిపాను.

సంచిలో ఏమి పెట్టకూడదు

ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె తీసుకెళ్లకండి. నిప్పు భయంతో ఓడల్లో నిషేధం, రేవులోనే తీసి పక్కన పెట్టేస్తారు. ఇంట్లో చేసిన తినుబండారాలు కూడా చాలా ఓడల్లో ఒప్పుకోరు. రెండు రోజులు కూర్చుని వండిన జంతికలు కారులోనే ఉండిపోయాయి, అల్లుడు తిరుగు దారిలో తినేశాడట. సీలు తీయని ప్యాకెట్లు సాధారణంగా పర్వాలేదు. ఇండియన్ స్టోర్లో కొన్న ఆవకాయ సీసా సీలుతోనే వచ్చింది, లోపల రాజ్యమేలింది.

తిండి గురించి అంత బెంగ వద్దు. భోజనాల హాలులో మొదటిరోజే హెడ్ వెయిటరుకి "ఇండియన్ వెజిటేరియన్" అని చెప్పండి. రేపటికి ఏం కావాలో ముందురోజు చెప్తే పప్పు, అన్నం, కూర చేసిపెడతారు. వంటింట్లో మన దేశం వాళ్లు చాలామందే ఉంటారు. పొద్దున్న బఫేలో పెరుగు దొరుకుతుంది, పెద్ద గిన్నెడు తెచ్చుకుంటే అన్నంలోకి సరి. కేకుల్లో గుడ్డు, జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటాయి. గొడ్డు మాంసం, పంది మాంసం తినని ఇళ్లవాళ్లు బఫేలో ప్రతి పళ్లెం దగ్గరా అడగండి, సిగ్గుపడకండి.

ఎక్కే రోజు

మేం ఎక్కింది ఆదివారం. దారిలో కాస్త పక్కకి తిరిగి పియర్‌ల్యాండ్‌లోని మీనాక్షి గుళ్లో దండం పెట్టుకున్నాం. అర్చన చేయించే తొందరలో మాకిచ్చిన సమయం దాటేలా ఉందని అమ్మాయి కారు ఎలా నడిపిందో నేను చెప్పను. గుడి ముందురోజు పెట్టుకోండి.

ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ అడిగినట్టే ఓడ రేవులోనూ అడగొచ్చు. బుక్ చేసేటప్పుడే చెప్పి ఉంచండి. నడవగలిగినా సరే, ఆ పొడుగాటి వరసలో పిల్లాడితో నిలబడటం వేరు. కాగితాలన్నీ ఒకే ప్లాస్టిక్ ఫైలులో, అడిగే వరసలో. పిల్లాడికి రెండు మాటలు నేర్పండి: తన పూర్తి పేరు ఇంగ్లిష్‌లో, "గ్రాండ్‌మా, గ్రాండ్‌పా" అని. ఇంగ్లిష్ వాడికి మనకన్నా బాగా వచ్చు. అలాగని ముఖ్యమైన మాటలకి వాడిని దుబాసీగా నిలబెట్టకండి. మందుల గురించీ అలర్జీల గురించీ ఆరేళ్లవాడు చెప్పిందే మనం విన్నదైతే కష్టం. ఇంగ్లిష్ ఇబ్బందైతే ఆ ముఖ్యమైన వాక్యాలు అమ్మాయి చేత కాగితం మీద రాయించుకోండి.

ఓడలో అడుగుపెట్టగానే పూల్ వైపు, ఐస్‌క్రీం వైపు లాగుతాడు. ముందు లైఫ్‌జాకెట్ కసరత్తు పూర్తి చేయండి. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపించే పని అది. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు, కొత్తగా ఎక్కినవాళ్లకి ఆ కసరత్తు ఇంకా జరగనేలేదు. తర్వాత నిబంధన మార్చి, ఓడ కదలకముందే లేదా కదిలిన వెంటనే జరగాలన్నారు. గదిలో పిల్లాడి కొలత లైఫ్‌జాకెట్ ఉందా చూడండి, లేకపోతే వెంటనే అడగండి. చాలా ఓడల్లో పిల్లల చేతికి చేరాల్సిన చోటు నంబరున్న పట్టీ కడతారు. స్నానానికీ విప్పొద్దు.

గదుల తలుపులన్నీ ఒకేలా ఉంటాయి. అవి ఇనుపవి కాబట్టి అయస్కాంతం అంటుకుంటుంది. వాడికి నచ్చిన డైనోసార్ బొమ్మ మాగ్నెట్ ఒకటి తలుపుకి అంటించాం, దూరం నుంచే గుర్తుపట్టేవాడు. నిజానికి నేనే దాన్ని చూసి గుర్తుపట్టేదాన్ని. స్నానాలగది గడప ఎత్తుగా ఉంటుంది, తలుపు బరువుగా పడుతుంది. వాడి వేళ్లు, మీ కాలి బొటనవేలు, రెండూ జాగ్రత్త.

ఓడ మీద రోజులు

మొదటి సాయంత్రమే ఆటగదికి వెళ్లి పేరు నమోదు చేయించండి. అలర్జీలు, మందులు చెప్పండి. తీసుకెళ్లడానికి ఎవరొస్తారో మీ ఇద్దరి పేర్లే రాయించండి. పగలు రెండు గంటలు వాడిని అక్కడ వదిలి మీరిద్దరూ పడుకోండి. ఓడ చూడాలనో షో చూడాలనో ఆ టైము వాడకండి. నేను మొదటిరోజు అలాగే చేసి సాయంత్రానికి నీరుగారిపోయాను. రెండోరోజు నుంచి నిద్రే.

పూల్ దగ్గర ఒక్కటే నియమం: లైఫ్‌గార్డు ఉన్నా లేకపోయినా, చెయ్యి చాచితే అందేంత దూరంలో మీలో ఒకరు ఉండాలి. ఒడ్డున కుర్చీలో కూర్చుని చూడటం లెక్కలోకి రాదు. మీకు నీళ్లలో దిగడం ఇష్టం లేకపోతే, చీర కట్టుకుని దిగనివ్వరు కూడా, మోకాలి లోతు నీళ్ల ఆటల చోటికే తీసుకెళ్లండి. చేతులు సబ్బుతో కడిగించండి. ఓడల్లో వాంతులు విరేచనాలు పట్టించే నోరోవైరస్‌కి శానిటైజర్ పెద్దగా పనిచేయదు.

పిల్లాడి గది కార్డు మీద ఖర్చు పెట్టే వీలు మొదటిరోజే ఆపించండి. కౌంటర్లో అడిగితే చేస్తారు. బొమ్మను కొక్కెంతో పట్టే యంత్రం దగ్గర మా వాడు కార్డు గీస్తూ పోయాడు, 38 డాలర్లు. బొమ్మ రాలేదు. మావారు దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుని ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

ఫోను ఎక్కేటప్పుడే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. సముద్రం మీద ఓడ టవరు పట్టుకుంటే బిల్లు వాచిపోతుంది. రోజూ అమ్మతో మాట్లాడించాలంటే వైఫై ఒక ఫోనుకి కొంటే చాలు. ఒక సమయం పెట్టుకోండి, సాయంత్రం భోజనానికి ముందైతే మేలు. పడుకునే ముందు మాట్లాడిస్తే బెంగ పెట్టుకుని ఏడుస్తారు.

రెండో రాత్రి మా వాడు ఏడ్చాడు కూడా. పగలంతా హుషారే, దీపం తీయగానే "అమ్మ కావాలి" అన్నాడు. దానికి ముందే ఏర్పాటు చేసుకున్నాం. వాళ్లమ్మ రోజూ చెప్పే కథలు మూడు నా ఫోన్లో రికార్డు చేసి పెట్టుకున్నాను, వైఫై లేకపోయినా వినిపించొచ్చు. వాళ్లమ్మ పాత టీషర్టు ఒకటి దిండుకి తొడిగాను. రెండో కథ సగంలో పడుకున్నాడు. "ఏడవకు, మగపిల్లాడివి" లాంటి మాటలు అనకండి, నాకు అలవాటై నోటిదాకా వచ్చింది, మింగేశాను.

కోజుమెల్‌లో దిగితే

దిగకపోయినా తప్పేం లేదు. అందరూ దిగిపోతే ఓడంతా ఖాళీ, పూల్ అంతా మీ మనవడిదే. దిగేట్టయితే దగ్గర్లోనే ఉండండి. తులూమ్ శిథిలాలు చూపిస్తామని టూరు అమ్ముతారు, దానికి ముందు ఫెర్రీలో ముప్పావుగంట అవతలి ఒడ్డుకి వెళ్లాలి. ఆ అలల్లో పిల్లాడిని, మోకాళ్లని ఇద్దర్నీ మోయలేరు. దీవిలోనే సాన్ గెర్వాసియో అనే, పాత మాయా నాగరికత నాటి స్థలం ఉంది. అక్కడ ఇష్‌చెల్ అనే దేవతకి, కాన్పులు చల్లగా కావాలనీ సంతానం కలగాలనీ, మాయా స్త్రీలు పడవల్లో సముద్రం దాటి వచ్చి మొక్కుకునేవాళ్లట. నేను కూడా ఒక దండం పెట్టాను. మా వాడు ఉడుముల్లాంటి ఇగువానాల వెంట పడ్డాడు. నీడ తక్కువ, నడక ఉంటుంది, పొద్దున్నే వెళ్లి రెండు గంటల్లో వచ్చేయండి.

టాక్సీలకి మీటరుండదు, ఎక్కడికి ఎంతన్నది చోటును బట్టి ఖాయం. రేవు దగ్గర బోర్డు చూసి, ఎక్కకముందే మాట్లాడుకోండి. పిల్లల సీట్లు ఉండవు, అదీ దూరం వెళ్లొద్దనడానికి ఇంకో కారణం. సీసా నీళ్లే తాగండి. శాకాహారులు అన్నం, బీన్స్ చూసి మోసపోకండి. అన్నం కోడి రసంలో ఉడికిస్తారు, బీన్స్‌లో పంది కొవ్వు వేస్తారు. ఓడలోని పళ్లు, తినుబండారాలు ఒడ్డుకి పట్టుకెళ్లకూడదు.

టైము విషయంలో ఫోన్‌ని నమ్మకండి. కోజుమెల్ ఉన్న రాష్ట్రం 2015 నుంచి ఏడాదంతా ఒకే టైము పాటిస్తోంది. వేసవిలో అది టెక్సాస్ టైముతో కలుస్తుంది, చలికాలంలో గంట ముందుంటుంది. ఓడ మాత్రం తన టైమే చూసుకుంటుంది. చేతి గడియారం ఓడ టైముకి పెట్టుకుని, చెప్పిన గడువుకి గంట ముందే వెనక్కి రండి. ఆలస్యమైతే ఓడ ఆగదు. పరిగెత్తుకొచ్చే కుర్రాళ్లని పై డెక్ నుంచి చూసి చప్పట్లు కొట్టడం అక్కడ ఒక వినోదం. మనం పరిగెత్తలేం.

దిగే రోజు

ముందురాత్రి పెట్టెలు గది బయట పెట్టేస్తారు కాబట్టి మందులు, ఒక జత బట్టలు, కాగితాల ఫైలు చేతిలో ఉంచుకోండి. అందరూ పెట్టెలు బయట పెట్టాక, పిల్లాడు రేపు వేసుకోవాల్సిన బూట్లు కూడా అందులోనే ఉన్నాయని తెలుస్తుంది. సంచిలో అరటిపండు, ఆపిల్ లాంటివి మిగిలాయేమో వెతకండి, కస్టమ్స్ దగ్గర అవి దొరికితే గొడవ. పాస్‌పోర్టు, ఉత్తరం మళ్లీ చూపించాల్సి రావొచ్చు. తోసుకుని ముందు దిగాలనుకోకండి, లిఫ్టులు ఖాళీ అయ్యేదాకా కూర్చుంటే వీల్‌చైర్ మనిషే వచ్చి పిలుస్తాడు.

ఉత్తరాన్ని చించేయకండి, కానీ ఇంకో ప్రయాణానికి అది పనికిరాదు, తేదీలూ ఓడ పేరూ మారతాయి. కంప్యూటర్లో ఉన్న ప్రతి మార్చి మళ్లీ నోటరీకి వెళ్లాలి. అమ్మాయికి పిల్లాడిని అప్పజెప్పేటప్పుడు చివరిసారి ఏ మందు ఎన్నింటికి వేశారో చెప్పండి.

ఇంటికొచ్చాక ఒకటి రెండు రోజులు నేల ఊగుతున్నట్టే ఉంటుంది. పడుకుంటే మంచం, నిలబడితే గచ్చు. రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు గోడ పట్టుకుని నడవండి, దీపం వేసుకోండి. పిల్లాడికి అదేమీ ఉండదు. మా వాడు ఆ సాయంత్రమే సైకిల్ బయటికి తీసి, "తాతయ్యా, రా" అని పిలిచాడు.